హాలు మోగితే దాన్ని తెలుగులో ఏమనాలి?

ఒక మాట తేల్చుకోవాలి, కాస్త పొడవుగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

పోయిన ఆదివారం మన హైదరాబాద్‌లోనే ఒక పాత హాల్లో ప్రయోగాత్మక సంగీత ప్రదర్శన చూశాను. ఒకావిడ మైకు ముందు నాలుగు తెలుగు వాక్యాలు చదివి, ఆ రికార్డింగును అవతలి గోడ దగ్గరి స్పీకర్లో వేసి, హాల్లో వినపడినదాన్ని మళ్లీ రికార్డు చేసి, దాన్ని మళ్లీ వేసి, అలా చేస్తూనే పోయారు. అమెరికన్ స్వరకర్త ఆల్విన్ లూసియర్ 1969లో చేసిన పద్ధతి ఇది. మొదట స, శ లు మసకబారాయి, తర్వాత హల్లులన్నీ కరిగిపోయాయి, చివరికి ఒక్క మాటా మిగల్లేదు, పొడుగ్గా సాగే రెండు మూడు స్వరాలే హాలంతా తిరిగాయి. అవి ఆవిడ స్వరాలు కావు, హాలువి. దాని కొలతలకు కుదిరే పౌనఃపున్యాలు విడత విడతకీ బలపడతాయి, మిగతావి నీరసించిపోతాయి.

అక్కడ పంచిన కాగితంలో దీన్నంతా ‘ప్రతిధ్వని’ అని రాశారు. నాకు అది అస్సలు ఒప్పుదల కాలేదు. ప్రతిధ్వని అంటే మన అరుపు విడిగా మనకే తిరిగి వినపడాలి. చెవి రెండింటినీ వేరుగా పట్టుకోవాలంటే మధ్యలో సెకనులో పదోవంతు ఉండాలి, అంటే గోడ దాదాపు 17 మీటర్ల దూరంలో ఉండాలి. అంతకంటే దగ్గరి గోడల మధ్య శబ్దాలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయి సాగుతాయి. దాన్ని బడి పుస్తకాల్లో ప్రతినాదం అన్నారు. గది తనకు నప్పిన స్వరానికే గట్టిగా స్పందిస్తే అది అనునాదం. మూడింటికీ ఒకే మాట వాడితే ఆ ప్రదర్శనలో జరిగిందేమిటో చదివినవాళ్లకు ఎలా తెలుస్తుంది?

జవాబు:
ప్రతినాదం ఎవరి నోటా వినలేదండీ. మారుమోగడం ఉందిగా! సామాన్లు సర్దకముందు కొత్తింట్లో మాట్లాడితే ‘ఇల్లు మోగుతోంది’ అంటాం. మీరు చూసిన హాల్లో కూడా కుర్చీలూ పరదాలూ తీసేసి ఉంటారు, అవునా? మెత్తటివన్నీ శబ్దాన్ని మింగేస్తాయి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబీన్ కుర్చీల మెత్తలు తెప్పించి పరిచి, మోత ఎంతసేపటికి తగ్గుతుందో కొలిచింది అందుకే. ఇంకోటి, గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కిలోమీటరు దూరాన కొండ మీదున్న బాలా హిస్సార్‌లో వినపడటాన్ని కూడా ప్రతిధ్వని అనేస్తారు. కొట్టినవాడికి తిరిగొస్తేగా ప్రతిధ్వని! పైనున్నవాడికి చేరితే అది శబ్దం ప్రయాణం చేయడం.

మరో జవాబు:
అనురణనం అనే మాట ఉంది, సంగీతంలోదే. 13వ శతాబ్దంలో ‘సంగీతరత్నాకరం’ రాసిన శార్ఙ్గదేవుడు స్వరాన్ని నిర్వచించిన శ్లోకం చూడండి:

శ్రుత్యనంతరభావీ యః స్నిగ్ధోఽనురణనాత్మకః
స్వతో రంజయతి శ్రోతృచిత్తం స స్వర ఉచ్యతే

శ్రుతి పుట్టిన వెంటనే వచ్చేది, నునుపైనది, అనురణన రూపంలో ఉండేది, దానంతటదే వినేవాడి మనసును రంజింపజేసేది స్వరం. మీటు కంటే మీటాక సాగేదే స్వరమన్నమాట. మన ఆలంకారికులు కూడా పదాల అర్థం తెలిశాక మెల్లగా తోచే వ్యంగ్యాన్ని, అంటే పైకి చెప్పకుండా స్ఫురించే అర్థాన్ని, గంట కొట్టాక మిగిలే నాదంతో పోల్చి అనురణనం అన్నారు. ఇంత చరిత్ర ఉన్న మాటను వదిలేసి కొత్తవి వెతకడం ఎందుకు గురువుగారూ?

మళ్లీ నేనే:
శ్లోకం ఇచ్చినందుకు చాలా సంతోషం. అనురణనం నాకూ ఇష్టమే, కానీ ఒక చిక్కు. శార్ఙ్గదేవుడు చెప్పింది నాదానికి ఉండే గుణం, భవనం గుణం కాదు. తీగ ఊరుకున్నాక కూడా గోడలు మోగడం వేరే సంగతి. అయినా శబ్దం వెంట శబ్దం సాగడమే ధాత్వర్థం కాబట్టి వ్యాసాల్లో దాన్నే వాడదాం, మాటల్లో మారుమోగడం ఎలాగూ ఉంది.

చివర్లో హాలు స్వరాలే మిగలడానికి మాత్రం ఈ రెండూ చాలవు. అక్కడ నాకు ‘పలకడం’ తోచింది. వీణ పలికింది, మృదంగం బాగా పలుకుతోంది అని రోజూ అంటాం, మనుషులూ పలుకుతారు. ఆవిడ పలికిన మాటలు పోయి హాలు పలికింది, జరిగింది సరిగ్గా అదే. కాగితంలో ‘ప్రతిధ్వని’ కొట్టేసి ‘ఈ హాలు ఏ స్వరాలు పలుకుతుందో వినండి’ అని వేయమని నిర్వాహకులకు రాస్తున్నా. వచ్చే వారం మళ్లీ ప్రదర్శన ఉందట, అభ్యంతరాలుంటే రేపటిలోగా చెప్పండి.