108లో చేసి డాలస్ వచ్చాను, ఇక్కడ ఈ నంబర్ల గోల ఏంటి?

ఓరుగల్లు పిల్ల, ఫ్రిస్కో:

అందరికీ నమస్కారం. వరంగల్ దగ్గర 108 అంబులెన్సులో ఆరేళ్ళు ఈఎంటీగా, అంటే దారిలో పేషెంట్‌ని చూసుకునే టెక్నీషియన్‌గా చేశాను. పెళ్ళయి ఇక్కడికొచ్చి ఎనిమిది నెలలవుతోంది, మొన్నే ఈఏడీ (ఇక్కడ ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి కార్డు) చేతికొచ్చింది. ఒక ప్రైవేటు అంబులెన్సు కంపెనీకి ఫోన్ చేస్తే మొదట అడిగిందే "మీ సర్టిఫికేషన్ నంబర్ చెప్పండి" అని. గబుక్కున నా 108 ఐడీ కార్డు మీది నంబర్ చదివేశాను. అవతలావిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది స్టేట్‌దా, రిజిస్ట్రీదా?" అంది. నాకేం చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేశాను. అసలు ఇక్కడ ఒక్కొక్కరికి ఎన్ని నంబర్లుంటాయి? నా ఆరేళ్ళ పని దేనికైనా లెక్కకొస్తుందా?

మెకిన్నీ పారామెడిక్:

చెల్లీ, సిగ్గుపడాల్సిందేం లేదు. నేనిక్కడ అంబులెన్సెక్కి 14 ఏళ్ళయింది, ఇప్పుడు ఈఎంటీకి పై మెట్టయిన పారామెడిక్‌ని. కొత్తలో నాకూ ఇదే అయోమయం.

మన దగ్గర 108లో నువ్వంటే నీ ఎంప్లాయీ ఐడీ, నీ బండి, నీ పైలట్ (అదే, డ్రైవరు). అది 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైనప్పటి నుంచీ శిక్షణ ఇచ్చేదీ, ఉద్యోగమిచ్చేదీ, నంబరిచ్చేదీ ఒకే సంస్థ. ఇక్కడ ఆ మూడు పనులూ వేర్వేరు చేతుల్లో ఉంటాయి. గోలంతా అక్కడే.

నంబర్లలో మొదటిది నేషనల్ రిజిస్ట్రీది. ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటుంది, 1970లో పెట్టారు. అది పరీక్ష పెట్టి "ఈ మనిషికి పని వచ్చు" అని చెబుతుంది. అంతవరకే. ఆ నంబర్ పట్టుకుని రేపు బండెక్కుతానంటే కుదరదు. "సరే, మా రాష్ట్రంలో చేసుకో" అనాల్సింది స్టేట్, రెండో నంబర్ దానిది. మనకైతే టెక్సాస్ హెల్త్ సర్వీసెస్ డిపార్ట్‌మెంట్. రిజిస్ట్రీ పరీక్ష పాసై, వేలిముద్రలిచ్చి, ఫీజు కట్టి అప్లై చేస్తే స్టేట్ తన నంబర్ ఇస్తుంది. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. చాలా రాష్ట్రాలు స్టేట్ ఇచ్చే కాగితాన్ని లైసెన్స్ అంటాయి, టెక్సాస్ మాత్రం ఈఎంటీకిచ్చేదాన్ని కూడా సర్టిఫికేషనే అంటుంది. అందుకే ఆవిడ నిన్ను "స్టేట్‌దా, రిజిస్ట్రీదా" అనడిగింది. తిక్క ప్రశ్న కాదది.

ఇక మూడోది నంబర్ కాదు, మాట. ప్రతి అంబులెన్సు సర్వీసుకీ ఒక మెడికల్ డైరెక్టర్ ఉంటారు, డాక్టరు. నీకెన్ని కార్డులున్నా, ఆ డాక్టరు ఒప్పుకున్న పనులే నువ్వు చేయాలి. 108లో కాల్ సెంటర్‌లోని ఈఆర్‌సీపీ డాక్టరుకి ఫోన్ చేసి అడిగేదానివి కదా, ఆ ధోరణే, కానీ ఇక్కడ ముందే రాసిపెట్టిన ప్రోటోకాల్ పుస్తకం ఉంటుంది. మందు ఇవ్వడం నీకు ఎంత బాగా వచ్చినా పుస్తకంలో లేకపోతే చేయి కట్టుకోవాల్సిందే.

చివరిది బ్యాడ్జి నంబర్. అది కంపెనీది. నువ్వు మానేస్తే అక్కడే వదిలేసి రావాలి. నా మొదటి కంపెనీ బ్యాడ్జి నంబర్ నేను మానేసిన ఏడాదికి వేరే కుర్రాడికి ఇచ్చారు. ఒకరోజు గ్యాస్ స్టేషన్‌లో కాఫీ దగ్గర నిలబడితే పక్కవాడి ఛాతీ మీద నా నంబర్! మన పాత ఇంట్లో ఎవరో దీపం పెట్టుకుంటే చూసినట్టనిపించింది.

ఓరుగల్లు పిల్ల:

థాంక్స్ అన్నా. మరి బ్యాడ్జి నంబర్ దేనికి పనికొస్తుంది? షోకేనా?

మెకిన్నీ పారామెడిక్:

షోకు కూడా, కాదనను. కానీ పొద్దున ఆరున్నరకి డ్యూటీ మారేటప్పుడు చూడాలి దాని విలువ. ఫెంటనిల్, కెటమిన్ లాంటి మత్తుమందులుండే పెట్టె తీస్తాం. సీల్ మీది నంబర్ నేను చదవాలి, దిగిపోయేవాడు లాగ్‌లో చూసి "అవును" అనాలి. వయల్స్ ఒక్కోటి వెలుతురుకి పట్టి లెక్కపెట్టి, ఇద్దరం నంబర్ వేసి సంతకం చేస్తాం. ఒక్క వయల్ తగ్గిందంటే ఎవరూ ఇంటికెళ్ళరు. ఎంత నిద్రొచ్చినా సరే, నువ్వు లెక్కపెట్టని దాని పక్కన నీ నంబర్ వేయకు.

పేషెంట్ రిపోర్టులో మాత్రం బండి మీద ఎవరున్నారో స్టేట్ నంబర్‌తో సహా ఎక్కుతుంది. మూడేళ్ళ తర్వాత ఒక యాక్సిడెంట్ కేసులో కోర్టు పిలిస్తే, ఆ నంబర్ పట్టుకునే నన్ను వెతికారు. అప్పటికి నేను కంపెనీ మారిపోయాను, బ్యాడ్జి మారింది, ఇల్లు మారింది. ఆ నంబర్ ఒక్కటే మారలేదు.

టొరంటో బాబాయ్:

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. మా అబ్బాయి ఒంటారియోలో పారామెడిక్. ఇక్కడ ప్రావిన్స్ ఇచ్చేది ఓయాసిస్ నంబర్. నంబర్ ఎంత చిన్నదైతే మనిషి అంత పాతకాపు. మావాడు ఎవరినైనా కొత్తగా కలిస్తే ఊరూ పేరూ అడిగే ముందు ఆ నంబరే అడుగుతాడు. మన ఇళ్ళల్లో గోత్రం అడిగినట్టు!

బర్మింగ్‌హామ్ అక్క:

ఇంగ్లండ్ రావాలనుకునే వాళ్ళెవరైనా చదువుతుంటే ఒక మాట. ఇక్కడ పారామెడిక్ అన్న పేరుకే చట్టం కాపలా ఉంది. ఇలాంటి ఆరోగ్య వృత్తుల వాళ్ళని నమోదు చేసే హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో లేకుండా ఆ పేరు పెట్టుకుంటే నేరం. నంబర్ పీఏతో మొదలవుతుంది, ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. 108లో చేశాం కదా అని ఫేస్‌బుక్‌లో పారామెడిక్ అని రాసేసుకోకండి.

ఓరుగల్లు పిల్ల:

అక్కా, ఇప్పుడే వెళ్ళి నా ప్రొఫైల్ మార్చాను 😄 అన్నా, నా ఆరేళ్ళ సంగతి చెప్పలేదు.

మెకిన్నీ పారామెడిక్:

చెప్పడానికి నోరు రాక దాటేశాను. కాగితం మీద లెక్కకు రాదు. వేరే దేశంలో చేసిన శిక్షణకి నేరుగా కార్డు ఇవ్వరు. మామూలుగా స్టేట్ ఒప్పుకున్న ఈఎంటీ కోర్సు చేయాల్సి వస్తుంది. భయపడకు, కమ్యూనిటీ కాలేజీలో దాదాపు ఒక సెమిస్టరు. మనకి దగ్గర్లో కాలిన్ కాలేజీలో ఉంది. నీ బ్యాచ్‌లో పిల్లలు బొమ్మ మీద కాన్పు నేర్చుకుంటుంటారు. నువ్వు కదిలే బండిలో ఎన్ని చేసుంటావో నీకే తెలుసు. ఆ చేయి ఎక్కడికీ పోదు. కాకపోతే "మా దగ్గర ఇలా చేసేవాళ్ళం" అని క్లాసులో అనకు. పరీక్షకి వాళ్ళ పద్ధతే కావాలి.

పరీక్ష కంప్యూటర్ మీద, రెండు గంటలు. నీ జవాబుల్ని బట్టి ప్రశ్నలు మారతాయి. 70కే ఆగిపోవచ్చు, 120 దాకా లాగొచ్చు. తొందరగా ఆగిపోతే ఫెయిలనుకుని చాలామంది పార్కింగ్‌లో ఏడుస్తారు. నేను కార్లో కూర్చుని మా ఆవిడకి ఫోన్ చేసి "ఇంకేదైనా ఉద్యోగం చూసుకుంటా" అన్నాను. పాసయ్యాను.

అన్నిటికన్నా ముఖ్యమైంది తేదీలు. రిజిస్ట్రీది రెండేళ్ళకోసారి రెన్యూ చేయాలి, ఈఎంటీకీ పారామెడిక్‌కీ గడువు మార్చి 31. టెక్సాస్‌ది నాలుగేళ్ళు. రెండూ కలిసిరావు. నేను ఒకసారి "స్టేట్ కార్డు ఉందిగా" అని రిజిస్ట్రీది వదిలేశాను. ఇక్కడ ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత వేరే స్టేట్‌కి మారదామనుకుంటే అక్కడ మొదట అడిగింది అదే. నడివయసులో, రాత్రి డ్యూటీలు చేస్తూ, మళ్ళీ పరీక్ష రాశాను. ఎవరినీ అనడానికి లేదు, నా బద్ధకమే.

ఇంకొకటి. రిజిస్ట్రీలో అకౌంటు తెరవగానే 12 అంకెల ఐడీ ఒకటి వస్తుంది. అది చూసి నంబరొచ్చేసిందని ఇంట్లో స్వీట్లు పంచకు. అది నువ్వు ఫలానా అని గుర్తుపట్టడానికే, పాసైనట్టు కాదు.

ఇర్వింగ్ వదిన:

అన్నయ్యగారు అన్నీ చెప్పారు, పేరు సంగతి మర్చిపోయారు. మా చెల్లెలు పరీక్ష సెంటరు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. రిజిస్ట్రీలో ఇచ్చిన పేరూ, చేతిలోని ఐడీ మీది పేరూ అచ్చు ఒకటే ఉండాలి. తను ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరాల్లో రాసింది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్ళకి వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది కదా, వాళ్ళకైతే ఇంకా పెద్ద తలనొప్పి.

ఓరుగల్లు పిల్ల:

వదినా, ఇప్పుడే పాస్‌పోర్టు తీసి చూశాను. సర్‌నేమ్ గడి ఖాళీ. డ్రైవింగ్ లైసెన్స్ మీద కూడా ఎఫ్‌ఎన్‌యూనే.

మెకిన్నీ పారామెడిక్:

అయితే కోర్సుకి తర్వాత పేరివ్వొచ్చు. ముందు పాస్‌పోర్టు సరిచేయించుకో, టెక్సాస్ వాళ్ళకి హ్యూస్టన్ కాన్సులేటే. ఆ తర్వాత ఇమిగ్రేషన్ కాగితాలు, సోషల్ సెక్యూరిటీ, లైసెన్స్. అన్నిటి మీదా ఒకే పేరు పడ్డాక రిజిస్ట్రీ అకౌంటు తెరువు. లేదంటే మా సర్వీసులో ఒకడికి పట్టినట్టే అవుతుంది. అతని బ్యాడ్జి మీద రెండేళ్ళ పాటు మొదటి పేరు ఎఫ్‌ఎన్‌యూ అనే ఉండేది. అందరూ "ఫ్నూ" అని పిలిచేవాళ్ళు. ఇప్పుడు పేరు మార్పించుకున్నాడు, అయినా వాళ్ళ స్టేషన్‌లో ఇంకా ఫ్నూయే.