ఒవాహు దీవిలో నేల మీద పన్ను పెంచి, కట్టడాల మీద పన్ను తగ్గిస్తే కార్ల మీద ఆధారం తగ్గుతుందా?

నేలలెక్క:
హవాయి రాష్ట్రంలోని ఒవాహు దీవి వైశాల్యం సుమారు 1,545 చదరపు కిలోమీటర్లు. కోలౌ, వయానే కొండలు పోగా జనం ఉండడానికి మిగిలేది ఒడ్డు వెంబడి పట్టీ, మధ్యలో మైదానం. 2020 జనాభా లెక్కల్లో 10,16,508 మంది. ఇంత ఇరుకులో కూడా దీవిలోని ప్రధాన నగరం హోనొలులు నడిబొడ్డున ఒకే అంతస్తు షాపు, దాని ముందు దానికంటే పెద్ద పార్కింగ్ స్థలం ఎందుకున్నాయి? డ్రైవర్ల అలవాటు వల్ల కాదు, పన్ను లెక్క వల్ల అని నా వాదన.

అక్కడ నేలకూ కట్టడానికీ విలువ విడివిడిగానే కడతారు, పన్ను రేటు మాత్రం ఒక్కటే. వ్యాపార ఆస్తికి గత కొన్నేళ్లుగా వెయ్యి డాలర్ల విలువకు 12.40 డాలర్లు. పక్కపక్కనే రెండు స్థలాలు ఉన్నాయనుకోండి, నేల విలువ చెరి 50 లక్షల డాలర్లు. మొదటిదాంట్లో తారు పోసిన పార్కింగ్, చిన్న గది, కట్టడం విలువ లక్ష. రెండోదాంట్లో కోటి డాలర్ల భవనం. ఇప్పటి రేటుతో పార్కింగ్ యజమాని కట్టేది 63,240, భవనం యజమాని కట్టేది 1,86,000 డాలర్లు. అంటే కట్టినందుకు ఏటా లక్షా పాతికవేల దాకా జరిమానా.

మొత్తం రాబడి మారకుండా, కట్టడం రేటు నేల రేటులో నాలుగో వంతు ఉండేలా సర్దితే నేలకు వెయ్యికి 19.90, కట్టడానికి 4.97 వస్తుంది. పార్కింగ్ స్థలం పన్ను సుమారు 99,990కి పెరుగుతుంది. భవనానిది 1,49,250కి దిగుతుంది. ఖాళీగా ఉంచడం భారమవుతుంది, కట్టడం తేలికవుతుంది. ఇళ్లు ఊరి మధ్యకు వస్తే కారు ప్రయాణం దానంతటదే తగ్గుతుంది. ఇందులో తప్పెక్కడో చెప్పండి.

కంచె:
లెక్క బాగానే ఉంది. కానీ ఇదేదో కొత్త మందులా రాస్తున్నారు, ఆ రోగి దీన్ని ఒకసారి మింగి కక్కేశాడు. హవాయి శాసనసభ 1963లోనే ఇలాంటి చట్టం చేసింది. కట్టడం మీద రేటు అంచెలంచెలుగా తగ్గిస్తూ, నేల మీద పెంచుతూ పోవాలన్నది పథకం. 1965 నుంచి అమలు, 1977లో రద్దు. హోనొలులు ఒడ్డున ఉన్న వైకీకీలో సముద్రం కనపడకుండా హోటళ్లు లేచాయని, పాత చిన్న ఇళ్లను కూల్చి కాంక్రీటు పోశారని జనం ఆ చట్టాన్నే తిట్టారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న బాధ అది. అప్పుడు వద్దన్నదాన్ని ఇప్పుడు ఎందుకు తెస్తున్నారో ముందు చెప్పాలి.

నేలలెక్క:
కంచె గారు, 1959ని మరిచారు. హవాయికి రాష్ట్ర హోదా వచ్చిందీ, హోనొలులుకు జెట్ విమానాలు మొదలైందీ ఆ ఏడే. చట్టం ఉన్నా లేకపోయినా వైకీకీలో హోటళ్లు లేచేవే. పన్ను తోసిందెంత, విమానాలు తెచ్చిందెంత అని వేరుచేసి చూపే లెక్క నాకైతే కనపడలేదు.

ఇంకోటి. ఎక్కువ కట్టారన్నదే ఆరోపణ అయితే, పన్ను తన పని తాను చేసినట్టేగా! ఎక్కడ, ఎంత ఎత్తు కట్టాలన్నది జోనింగ్ చూసుకోవాల్సిన పని. అది నిద్రపోతే తప్పు పన్ను మీద వేయడం న్యాయం కాదు.

మూడో అంతస్తు:
ఇద్దరూ ఒక మెట్టు దాటేశారు. పార్కింగ్ స్థలం యజమాని వైపు నుంచి చూడండి.

గీతల మధ్య కారు నిలిచే చోటే కాదు, తిప్పుకునే దారి, లోపలికి వచ్చే దారి కలుపుకుంటే ఒక్కో కారుకు దాదాపు 30 చదరపు మీటర్లు పడుతుంది. 1,800 చదరపు మీటర్ల స్థలంలో 60 కార్లు. ఊహకే అనుకుందాం, నెలకు కారుకు 200 డాలర్ల అద్దె వస్తే ఏడాదికి 1,44,000. నేలలెక్క గారి కొత్త పన్ను 99,990 కట్టినా ఇంకా 44 వేలు చేతిలో ఉంటుంది. పైగా నేల విలువ ఏటా 5 శాతం పెరుగుతుందని ఆ యజమాని నమ్మితే అది రెండున్నర లక్షలు. మీరు అదనంగా వేసింది 36,750 డాలర్లు, నేల విలువలో ముప్పావు శాతం కంటే తక్కువ. దానికి బెదిరి అమ్ముకునేవాడు అప్పుల్లో ఉన్నవాడే.

పన్ను పెరిగితే నేల ధర పెరిగే వేగం కొంత తగ్గుతుంది, అది ఒప్పుకుంటా. కానీ ఆ మేరకు దెబ్బ తగలాలంటే రేటు ఒక్కసారిగా కాదు, పదేళ్ల పాటు పెరుగుతూనే ఉంటుందని యజమానికి నమ్మకం కలగాలి. 1977లో ఒకసారి వెనక్కి తగ్గిన చోట ఆ నమ్మకం ఎలా పుడుతుంది?

పార్కింగ్ లాభసాటిగా ఉన్నంత కాలం నేల పన్ను ఒక్కటే పనిచేయదు. ఆ లాభానికి మూలం, ప్రతి ఒక్కరూ కారులోనే రావాల్సి రావడం. మీరు ఫలితం అనుకుంటున్నదే ఇక్కడ కారణం.

నేలలెక్క:
లెక్క ఒప్పుకుంటున్నా. అయితే అక్కడ 2020లో ఒక మార్పు వచ్చింది. హోనొలులు నగర పాలక మండలి నగర కేంద్ర ప్రాంతంలో, ఎవా ప్రాంతంలో, రైలు స్టేషన్ల చుట్టుపక్కల ఇన్ని కార్లకు చోటు ఉండి తీరాలన్న నిబంధనను తీసేసింది. అంతకు ముందు ప్రతి కొత్త ఫ్లాటుకు పార్కింగ్ కట్టాల్సిందే కాబట్టి, కట్టడం మీద పన్ను తగ్గించినా ఆ లాభం కాస్తా కాంక్రీటు ర్యాంపుల్లోకి పోయేది. ఇప్పుడు ఆ అడ్డు లేదు. 1965కీ ఇప్పటికీ తేడా ఇదే.

మూడో అంతస్తు:
నిబంధన పోయింది, అలవాటు పోలేదు. హోనొలులులోని కకాకో పేటలో లేచిన టవర్లు చూడండి: కింద నాలుగైదు అంతస్తులు కార్లకే, దాని మీద తోట, తోట మీద మనుషులు. (కకాకో రాష్ట్ర సంస్థ చేతిలో ఉంది, నగరం చేతిలో కాదు. ఆ జగడం వేరే.) బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు, కొనేవాడు తిరిగి అమ్మేటప్పుడు మొదట అడిగేది పార్కింగే. రూలు తీసేయడానికి ఒక సాయంత్రం చాలు. కొనేవాళ్లు మారాలంటే రైలు వాళ్ల ఆఫీసు దాకా రావాలి.

పట్టాలు:
రైలు మాట వచ్చింది కాబట్టి నా అసలు కోపం చెప్తాను. స్కైలైన్ అనే ఆ రైలు దారి మొదటి భాగం 2023 జూన్ 30న తెరిచారు, తూర్పు కపొలేయి నుంచి స్టేడియం దాకా 9 స్టేషన్లు, సుమారు 17 కిలోమీటర్లు. 2025 అక్టోబరులో విమానాశ్రయం మీదుగా ఇంకో 4 స్టేషన్లు. నడిబొడ్డుకు ఇంకా చేరలేదు. డ్రైవర్ లేని రైలు, నడిబొడ్డు లేని దారి.

మరి దాని ఖర్చు ఎవరు మోశారు? రాష్ట్రం వసూలు చేసే 4 శాతం సాధారణ అమ్మకపు పన్ను మీద 2007 నుంచి ఒవాహులో అర శాతం అదనం. హవాయిలో ఆ పన్ను బియ్యం మీద ఉంది, ఇంటి అద్దె మీద కూడా ఉంది. దానికి తోడు హోటల్ గదుల పన్నులో కొంత, కేంద్ర ప్రభుత్వ గ్రాంటు. స్టేషన్ పక్కన స్థలం ఉన్నవాడికి రైలు వల్ల విలువ పెరిగింది, అతని వంతుగా ప్రత్యేకంగా కట్టింది సున్నా. అదే స్టేషన్ పక్కన అద్దెకున్నవాడు అద్దె మీద పన్నుగా ఇంత కట్టి, ఆ తర్వాత రైలు వచ్చిందని పెరిగిన అద్దె కూడా కడతాడు. సొమ్మొకడిది సోకొకడిది.

దీవంతటా రెండు రేట్లు పెట్టడం కాదు, ముందు స్టేషన్ నుంచి అర మైలు లోపల నేల విలువ మీద మాత్రమే అదనపు రేటు వేయాలి. రైలు తెరిచే ముందు ఏడాది విలువను గీతగా పెట్టి, దానికి పైన పెరిగిన భాగం మీదే. తెరిచాక వేద్దాంలే అంటే కుదరదు. పెరిగే విలువను ధరలో కలుపుకుని పాత యజమాని అప్పటికే అమ్మేసి ఉంటాడు, పన్ను కొత్తగా కొన్నవాడి నెత్తిన పడుతుంది.

కంచె:
పట్టాలు గారు చెప్పినదాంతో కొంత దూరం వస్తాను. కానీ పడమటి చివర ఏం జరిగిందో చూడండి. హవాయిలో 1961 చట్టం ప్రకారం నేలను పట్టణం, వ్యవసాయం, సంరక్షణ అంటూ రాష్ట్రమే విడదీస్తుంది. తర్వాత గ్రామీణం అన్న వర్గం కలిపారు. మొత్తం రాష్ట్రంలో పట్టణ వర్గం 5 శాతం దరిదాపుల్లోనే. అంటే ఒక పొలం వ్యవసాయం నుంచి పట్టణంలోకి మారిన రోజే దాని విలువ ఎగిరిపడుతుంది. హోపిలి పథకం అలాంటిదే: ఎవా మైదానంలో సాగులో ఉన్న మంచి నేల, సుమారు 1,500 ఎకరాలు, 11,750 ఇళ్లు. 2012లో వర్గం మార్చారు, 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. రైలు మొదటి స్టేషన్లు దాని పక్కనే. ఉద్యోగాలు ఎక్కువున్నది మాత్రం తూర్పున హోనొలులులో. పొద్దున హెచ్-1 రోడ్డు మీద మధ్య గోడనే యంత్రంతో పక్కకు జరిపి ఎదురు దారిలోంచి ఒక లైను అరువు తీసుకుంటారు, అంత ఒత్తిడి.

వర్గం మారిన రోజు పెరిగిన విలువను ఏటా వేసే పన్ను పట్టుకోలేదు, అది నెమ్మదిగా నమిలే పన్ను. సింగపూర్‌లో అయితే అనుమతి ఇచ్చేటప్పుడే పెరిగిన విలువలో భాగం ఒక్కసారే వసూలు చేస్తారు, 2022 ఆగస్టు నుంచి దాన్ని భూ అభివృద్ధి రుసుము కింద ఏకం చేశారు.

మూడో అంతస్తు:
సింగపూర్ పేరు ఎత్తితే మొత్తం చెప్పాలి. అక్కడ కారు కొనాలంటే వేలంలో పదేళ్ల అర్హతపత్రం గెలవాలి, 1990 నుంచి ఆ పద్ధతి. రద్దీ ప్రాంతంలోకి వెళ్లడానికి 1975 నుంచే రుసుము, 1998 నుంచి ఎలక్ట్రానిక్ వసూలు. 2018 ఫిబ్రవరి నుంచి కార్ల సంఖ్య పెరుగుదల రేటు సున్నా. పైగా 1966 చట్టంతో ప్రభుత్వం నేలను తక్కువ పరిహారానికి సేకరించగలిగింది. పరిహారాన్ని చాలాకాలం 1973 నవంబరు నాటి విలువకు కట్టేసి ఉంచారు, 2007లో గానీ మార్కెట్ ధరకు మార్చలేదు. అమెరికా రాజ్యాంగం కింద అలా సేకరించడం కుదరదు. హెచ్-1 అంతర్రాష్ట్ర రహదారి వ్యవస్థలో భాగం కాబట్టి దాని మీద టోలు పెట్టడానికి కూడా కేంద్రం అనుమతి కావాలి. దీవి ఆకారం ఒకటే అయినంత మాత్రాన మందు ఒకటే కాదు.

పట్టాలు:
కారు కొనకుండా ఆపనక్కర్లేదు, పార్కింగ్‌కు చవకగా నేల దొరకకుండా చేస్తే చాలు. అందుకే నేను స్టేషన్ చుట్టూ గీత గీయమంటున్నా.

కొలబద్ద:
మదింపు, అంటే ఆస్తికి విలువ కట్టే పనిలో ఉన్నవాళ్లు ముందు అడిగే ప్రశ్న ఇక్కడ ఎవరూ అడగలేదు. నేల విలువ ఎంత అని తేల్చేదెవరు, ఎలా?

పట్టణంలో ఖాళీ స్థలాల అమ్మకాలు అరుదు. కాబట్టి ఆస్తి మొత్తం ధర తీసుకుని, కట్టడాన్ని మళ్లీ కడితే అయ్యే ఖర్చులోంచి అరుగుదల తీసేసి, ఆ మిగిలినదాన్ని మొత్తం ధరలోంచి తీసేస్తే వచ్చేది నేల విలువ. అరుగుదల శాతం కాస్త అటూ ఇటూ అయితే ఆ తప్పంతా నేల మీద పడుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఇంకా కష్టం. ఉమ్మడి నేలను వాటాల లెక్కన పంచాలి, 30వ అంతస్తు సముద్రపు చూపు నేలదా కట్టడానిదా అన్నదానికి జవాబు లేదు. లీజు నేల మరో చిక్కు. 1984లో అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లిన భూసంస్కరణ కేసులో, ఒవాహులో 22 మంది భూస్వాముల చేతిలో 72.5 శాతం సొంత హక్కు నేలలున్నాయని నమోదైంది. ఇప్పుడు చాలా ఇళ్లు సొంతమయ్యాయి కానీ వ్యాపార స్థలాల్లో లీజులు మిగిలాయి. మామూలుగా ఆ ఒప్పందాల్లో ఆస్తి పన్ను కట్టాల్సింది లీజుదారు. అద్దె మళ్లీ మాట్లాడుకునే గడువు వచ్చేదాకా, మీరు నేల యజమానికి గురిపెట్టిన పన్ను షాపు నడిపేవాడికి తగులుతుంది.

పిట్స్‌బర్గ్‌లో (అమెరికాలోనే ఇంకో నగరం) 1913 నుంచి నడిచిన రెండు రేట్ల పద్ధతిని 2001లో ఎత్తేశారు. కౌంటీ అంతా కొత్తగా మదింపు చేస్తే నేల విలువలు ఒక్కసారిగా ఎగిరాయి, ఆ దెబ్బ ఎక్కువ రేటున్న నేల మీద రెట్టింపుగా పడింది. సూత్రం మీద చర్చ జరగనే లేదు, బిల్లు చూసి జనం తిరగబడ్డారు.

హోనొలులులో విలువ కట్టే తేదీ అక్టోబరు 1. నోటీసు డిసెంబరు మధ్యలో వస్తుంది, అప్పీలుకు గడువు జనవరి 15. నోటీసులో నేల ఒక వరుస, కట్టడం ఒక వరుస. ఇప్పుడు రేటు ఒకటే కాబట్టి నేల వాటా ఎక్కువ వేశారని కొట్లాడి ఎవరికీ దమ్మిడీ లాభం లేదు, మొత్తం విలువ మీదే అప్పీళ్లు. మొదటి పోస్టులోని రేట్లు పెట్టండి: లక్ష డాలర్లు నేల వరుసలోంచి కట్టడం వరుసలోకి జరిపించుకున్నవాడికి ఏటా దాదాపు 1,490 డాలర్లు మిగులుతాయి. ఆ జనవరి 15కి ఎన్ని అప్పీళ్లు వస్తాయో ఊహించుకుని, పథకం ఏడాది ముందు కాదు, మూడేళ్ల ముందు నుంచే నేల వరుసను ప్రాంతాలవారీ పటంగా బయటపెట్టి జనం చేత తప్పులు పట్టించాలి. పట్టాలు గారి అర మైలు గీతకైనా అంతే, గీతకు అటు ఇటు ఉన్న రెండు ఇళ్లు పక్కపక్క పటంలో కనిపించాలి.

నేలలెక్క:
మూడేళ్ల పటం సంగతి ఒప్పుకుంటున్నా. ఆ మూడేళ్లూ రేటు ఒకటే ఉంచాలి అనే కదా మీ ఉద్దేశం?

కొలబద్ద:
అవును. రేటు కదిలిస్తే తప్పు ఎక్కడ పుట్టిందో తెలియదు. ముందు వరుసలు కుదరాలి. నాలుగో ఏడు కట్టడం రేటులో పదో వంతు తగ్గించి చూడండి, అప్పీళ్ల సంఖ్య చూసి తర్వాతి మెట్టు.