అప్‌డేట్: ప్రింట్ చేసిన శ్వాసనాళం మోడల్‌లో గాలి లీక్, కారణం దొరికింది

ఈ లీక్ ఎక్కడి నుంచని పోయిన నెల ఇక్కడే అడిగాను. తిరుపతిలో మా రెస్పిరేటరీ థెరపీ స్టూడెంట్ పిల్లల ప్రాక్టీస్ కోసం సీటీ స్కాన్ నుంచి త్రీడీ ప్రింట్ చేయించిన శ్వాసనాళం అది. శ్వాస ట్యూబ్ వేసి, టెస్ట్ లంగ్ (ఊపిరితిత్తికి బదులు వాడే సంచి) తగిలించి వెంటిలేటర్ పెడితే 500 మి.లీ. గాలి లోపలికి పోయి 350 మాత్రమే తిరిగొచ్చేది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ఎక్కువమంది కఫ్‌ని, అంటే గాలి పక్కనుంచి పోకుండా ట్యూబ్ చుట్టూ ఉబ్బే బుడగని, అనుమానించారు. అది కాదు. కఫ్ ప్రెషర్ 25 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దగ్గర సరిగ్గానే ఉంది, 7.5 సైజు ట్యూబ్ తీసి 8 వేసినా అదే కథ. వెంటిలేటర్ లీక్ టెస్ట్ కూడా పాసైంది.

'సైకిల్ ట్యూబులా నీళ్లలో ముంచి చూడండి' అన్న సారుకి దండం. బకెట్లో ముంచి ఆంబు బ్యాగ్ (చేత్తో నొక్కి గాలి పంపే సంచి) నొక్కాం. కఫ్ దగ్గర ఒక్క బుడగ లేదు. కుడి బ్రాంకస్ (శ్వాసనాళం కుడి కొమ్మ) గోడంతా మాత్రం చెమట పట్టినట్టు ఆవగింజంత బుడగలు! పిల్లలు నవ్వాపుకోలేదు. ప్రింట్ చేసిన కుర్రాడు చూసి, "గోడకి రెండు వరుసలే వేశాను మేడమ్, పొరల మధ్య సందులుండిపోయాయి" అన్నాడు.

ఈసారి నాలుగు వరుసలు వేయించి, బయట రెండు పూతలు ఎపాక్సీ పూసి, ఒక రోజు ఆరబెట్టాం. ఇప్పుడు 485 వస్తోంది. ఎపాక్సీ లోపల మాత్రం పూయకండి. పాత మోడల్‌కి అలా పూసి చూస్తే దారి సన్నబడి బ్రాంకోస్కోప్ (శ్వాసనాళంలోకి దింపి చూసే కెమెరా గొట్టం) ఇరుక్కుంది, బయటికి తీసేసరికి నా ప్రాణం పోయినంత పనైంది.