బెంగళూరు తెలుగు నాటకోత్సవం: స్టేజీ దొరకని వాళ్ళకి ఒక సాయంత్రం కేటాయించాలా?

జయనగర్ ప్రేక్షకుడు:
ఈ ఏడాది మన నాటకోత్సవం మూడు సాయంత్రాలు జరుగుతుంది. అందులో ఒకటి ఇప్పటిదాకా స్టేజీ దొరకని వాళ్ళకి ఇద్దామని కమిటీలో ప్రతిపాదన వచ్చింది. నగరాన్ని ఊడ్చే పౌరకార్మికుల కాలనీల పిల్లలు, ట్రాన్స్‌జెండర్ కళాకారులు, కోలారు వైపు వీధినాటకం ఆడేవాళ్ళు. మిగతా బృందాలకి ఉండే స్క్రూటినీ, అంటే ముందుగా నాటకం చూసి ఎంపిక చేయడం, వీళ్ళకి ఉండదట. వాట్సాప్ గ్రూపులో అప్పుడే మాటామాటా పెరిగింది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఇది సరైన పనేనా?

పద్యం పిచ్చి:
సరైంది కాదు. నెలల తరబడి రాత్రిళ్ళు రిహార్సల్ చేసి, అనంతపురం నుంచి హార్మోనిస్టుని పిలిపించుకుని స్క్రూటినీకి నిలబడే బృందాలున్నాయి. కొందరికి పరీక్ష, కొందరికి మినహాయింపు అంటే ఎలా? సురభి నాటక సమాజం వాళ్ళు 1885లో కీచకవధతో మొదలుపెట్టి ఇన్ని తరాలు నిలబడింది పనితనంతో, ఎవరో చోటు కేటాయిస్తే కాదు. పైగా తయారీ లేని నాటకం వేయిస్తే జనం మధ్యలో లేచిపోతారు. ఆ బాధ పడాల్సింది ఆ పిల్లలే, కమిటీ వాళ్ళు కాదు.

మారతహళ్ళి మనిషి:
నాటకం బాగుంటే చాలు, ఎవరు వేశారో నేను చూడను. కులం, జెండర్ స్టేజీ మీదకి ఎందుకు?

బళ్ళారి ఆడపడుచు:
పద్యం పిచ్చి గారూ, సురభి పేరు మీరే తెచ్చారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మిగతా సమాజాల్లో మగవాళ్ళు చీర కట్టుకుని ద్రౌపది వేస్తున్న రోజుల్లో సురభిలో ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. కుటుంబం మొత్తం నాటకం మీదే బతికింది, ఇల్లే రిహార్సల్ హాలు. పనితనం అక్కడే పెరిగింది. ఆ చోటు లేని ఆడవాళ్ళకి ప్రతిభ లేక కాదు కదా, తలుపు తెరవక.

మా ఊరి నటుడు బళ్ళారి రాఘవ గారు ఆడవేషం ఆడవాళ్ళే వెయ్యాలని గట్టిగా నిలబడ్డారు. లాయరుగా పేరున్న మనిషి, ఎన్నో మాటలు పడి ఉంటారు. కొమ్మూరి పద్మావతీదేవి గారి లాంటి వాళ్ళు ఆయనతో కలిసి నటించారు. స్త్రీ వేషానికి మగవాడే అందమని నమ్మే న్యాయనిర్ణేతల ముందు ఆ రోజుల్లో ఏ అమ్మాయికైనా స్క్రూటినీ పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

స్థానం నరసింహారావు గారి సత్యభామ అంటే నాకూ గౌరవమే. 1956లో పద్మశ్రీ ఇచ్చారు, ఇవ్వాల్సిందే. మగవాడు ఆడవేషం వేస్తే కళ అని చేతులెత్తి మొక్కిన మనం, ట్రాన్స్ మహిళ అదే స్టేజీ ఎక్కుతానంటే ఎందుకు జంకుతున్నాం? బళ్ళారి జిల్లాలోనే పుట్టిన మంజమ్మ జోగతి గారు ఎల్లమ్మ కథను ఆడి పాడి బతికారు. 2019లో కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలయ్యారు, 2021లో పద్మశ్రీ వచ్చింది. కన్నడ వాళ్ళు ఆవిడకి కుర్చీ వేశారు. మన తెలుగు ఉత్సవంలో అలాంటి ఒక్కరికి ఒక్క పాత్ర ఇచ్చిన గుర్తు నాకు లేదు.

మారతహళ్ళి వారికి: ఈ నగరాన్ని శుభ్రం చేసే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు చాలా ఎక్కువ. తరాల క్రితం వచ్చినవాళ్ళు, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. బెంగళూరు తెలుగువాళ్ళం అని మనం అన్నప్పుడు వాళ్ళు ఎక్కడా కనిపించరు. మీరు "ఎవరు వేశారో చూడను" అంటున్నారు, అసలు వెయ్యనివ్వందే చూసేదెలా?

అయితే కమిటీ ప్రతిపాదన కూడా నాకు నచ్చలేదు. విడిగా ఒక సాయంత్రం పెడితే అది "వాళ్ళ సాయంత్రం" అయిపోతుంది, మనవాళ్ళు ఆ రోజు ఇంట్లో ఉండిపోతారు. రోజుకో నాటకం చొప్పున మూడు రోజుల్లోనూ కలపండి. తెల్లవారకముందే చీపురు పట్టే మనిషికి రిహార్సల్ సాయంత్రమే కుదురుతుంది, దానికి కాలనీ దగ్గరే చోటు కావాలి, చార్జీలకి డబ్బు కావాలి. ఇక్కడి రంగశంకర థియేటర్ 2004 నుంచి రోజూ నాటకం ఉండాలన్న పట్టుదలతో నడుస్తోంది, బృందాలకి అదో పెద్ద అండ. కానీ ప్రదర్శనకి ముందు రెండు నెలలు ఎక్కడ కూర్చుని డైలాగు చదువుకోవాలి? ఖర్చు అక్కడ పెట్టకుండా ఊరికే తేదీ ఇస్తే పద్యం పిచ్చి గారు భయపడినట్టే జరుగుతుంది.

చింతామణి అమ్మాయి:
అక్క చెప్పింది నిజం. మా వైపు వీధినాటకం రాత్రంతా ఆడతారు, జనం దుప్పట్లు కప్పుకుని కూర్చుని చూస్తారు. దాన్నే గంటంపావుకి కుదించమంటారు ఇక్కడ. నగరంలో ఒక పోటీలో మా బృందానికి "ముందు యాస సరిచేసుకోండి" అని చెప్పి పంపేశారు. మా తెలుగులో కన్నడం కలుస్తుంది, మా ఊళ్ళో అదే తెలుగు. వీధినాటకం తెలిసినవాళ్ళు ఒక్కరైనా జడ్జీగా ఉంటే ఆ మాట వచ్చేది కాదు. తెలంగాణలో చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన్ని ఎవరూ యాస మార్చుకోమనలేదు కదా.

పద్యం పిచ్చి:
యాస గురించి అన్నది తప్పే అమ్మా, అలా అనకూడదు. జడ్జీల్లో వీధినాటకం తెలిసినవాళ్ళు ఉండాలన్నదీ ఒప్పుకుంటాను. కాలనీకే వెళ్ళి చూద్దాం, హార్మోనియం నేనే తీసుకొస్తాను. కానీ చూడకుండా, ఎంచకుండా స్టేజీ ఇవ్వడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. బహుమతుల్లో కూడా అందరికీ ఒకే కొలత ఉండాలి.

బళ్ళారి ఆడపడుచు:
ఒకే కొలత సరే, ఆ కొలత ఎవరు పెట్టారన్నదే నా గొడవ. సెట్టుకీ లైటింగుకీ మార్కులున్నంతకాలం డబ్బున్న బృందానిదే పైచేయి. ఆ మార్కులు తీసేస్తారా?

జయనగర్ ప్రేక్షకుడు:
ఆదివారం కమిటీ కూర్చుంటుంది. మూడు రోజుల్లోనూ కలపడం, కాలనీలోనే స్క్రూటినీ, రిహార్సల్ ఖర్చు, సెట్టు మార్కులు, ఈ నాలుగూ అక్కడ పెడతాను. ఆఖరిదానికి అభ్యంతరాలు గట్టిగానే వస్తాయి, కాబట్టి వీలైనవాళ్ళు స్వయంగా రండి. సాయంత్రాలు ఖాళీగా ఉండే అపార్ట్‌మెంటు హాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడే చెప్పండి.