సంతకంలో "స్" లేదు, ఇది వర్గాస్ బొమ్మ కాదా?

షికాగో_శీను:
పోయిన ఆదివారం ఇక్కడి పాత సామాన్ల సంతలో ఫ్రేము కట్టిన పిన్-అప్ బొమ్మ (గోడకు తగిలించుకునే అందమైన అమ్మాయి బొమ్మ) ఒకటి కొన్నాను. వెనకాల సీనరీ ఏమీ లేదు. పసుపు గౌను అమ్మాయి, చేతిలో ఫోన్. కింద "వర్గా" అని సంతకం. చిత్రకారుడి పేరు వర్గాస్ కదా, నకిలీది అంటగట్టారని మా ఫ్రెండ్ అంటున్నాడు. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

కుంచె:
శీను గారూ, "స్" లేదని దిగులు పడకండి. అల్బెర్టో వర్గాస్ 1896లో పెరూలో పుట్టారు, వాళ్ల నాన్న ఫోటోగ్రాఫర్. 1940లో అమెరికన్ పత్రిక ఎస్క్వైర్, అప్పటిదాకా తనకు బొమ్మలు వేసిన జార్జ్ పెట్టీ బదులు ఈయన్ని పెట్టుకుంది. ఈయన బొమ్మలకు "వర్గా గర్ల్" అని పేరు పెట్టి ఆ "స్" తీసేసింది. 1946లో వర్గాస్ ఆ పత్రిక నుంచి బయటికొచ్చారు. కోర్టుకు వెళ్లినా "వర్గా" పేరు పత్రికకే దక్కింది. సొంత పేరులోంచి వచ్చిన ముక్క, ఆయనకే కాకుండా పోయింది! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. తర్వాత ప్లేబాయ్‌కి వేసిన బొమ్మల మీద మళ్లీ "వర్గాస్" అనే ఉంటుంది.

సంతకం ఒక్కటే చూసి తేల్చలేం గానీ, భూతద్దంతో చెంప దగ్గర చూడండి. సన్నటి చుక్కలు కనిపిస్తే అచ్చు పేజీ. ఆయన చేత్తో వేసింది వాటర్ కలర్, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌లతో. అందులో ఆ చుక్కలుండవు.

పాత_కేలండర్:
ఎల్వ్‌గ్రెన్ అనే ఇంకో పిన్-అప్ చిత్రకారుడి బొమ్మలు కూడా చూడండి. బ్రౌన్ అండ్ బిగెలో కేలండర్ కంపెనీకి ఆయన వేసినవి ఆయిల్ పెయింటింగులు, 30 అంగుళాల ఎత్తు, 24 వెడల్పు. అదే కంపెనీకి వేసిన జోయీ మోజర్ట్ గురించి ఎవరూ మాట్లాడరు. ఆవిడ పాస్టెల్స్‌తో (రంగు సుద్దలతో) వేసేవారు, చాలాసార్లు తనకు తనే మోడల్. అద్దంలో చూసుకుంటూ తన ఒళ్లు తనే గీసుకోవడం ఎంత కష్టమో, ఒక్కసారి మీ చెయ్యి గీసి చూడండి.

షికాగో_శీను:
చూశానండీ. చుక్కలున్నాయి, నడుం దగ్గర మడత గీత కూడా ఉంది. పత్రికలోంచి తీసిన పేజీయే అనుకుంటా. పర్వాలేదు, నేనిచ్చింది 12 డాలర్లే. ఫోన్ పట్టుకున్న ఆ వేళ్ల కోసమైనా హాల్లోనే పెడతాను. ఎండ తగలని గోడ చూడాలి.