సెలెస్టా కీబోర్డు వాద్యమా, ఘనవాద్యమా?

ఎంవీపీ కాలనీ కీబోర్డు టీచర్ (చర్చ ప్రారంభం)

గత ఆదివారం మన నగరంలో పిల్లలకు వాద్య సంగీత పోటీ జరిగింది. ఎవరు నిర్వహించారో చెప్పను. మా దగ్గర నేర్చుకుంటున్న పన్నెండేళ్ల అమ్మాయి కీబోర్డు విభాగంలో రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ 'నట్‌క్రాకర్' బ్యాలేలోని షుగర్ ప్లమ్ ఫెయిరీ నృత్యాన్ని సెలెస్టా (మీటలు నొక్కితే లోహపు పలకలు మోగే వాద్యం) ధ్వని పెట్టి వాయించింది. ఆయన ఆ భాగాన్ని రాసిందే సెలెస్టా కోసం. వాయించడం పూర్తయ్యాక న్యాయనిర్ణేతల్లో ఒకరు, "ఇది తాళవాద్యాల కోవకు చెందిన ధ్వని. పియానో ధ్వనితో వాయించి ఉంటే లెక్కలోకి తీసుకునేవాళ్లం" అన్నారు. నాలుగు నెలల సాధన అది. ఇల్లు చేరేదాకా పాప నోరు విప్పలేదు.

బహుమతి రాలేదని నా బాధ కాదు. ఆ మాట సరైనదేనా? తెలిసినవారు చెప్పండి.

సిరిపురం వీణ

అమ్మాయి విషయంలో నాకూ బాధగానే ఉంది. కానీ న్యాయనిర్ణేత పూర్తిగా తప్పు చెప్పలేదు. 'తాళవాద్యం' అన్న మాట మాత్రం తప్పు, 'ఘనవాద్యం' అనాలి. నాట్యశాస్త్రంలో భరతుడు వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిరాలని నాలుగుగా విభజించాడు. తీగ మోగితే తతం, చర్మం మోగితే అవనద్ధం, గాలి మోగితే సుషిరం, గట్టి వస్తువు తానే మోగితే ఘనం. మోగేది ఏమిటన్నదే కొలమానం. పాశ్చాత్యుల్లో హార్న్‌బోస్టెల్, సాక్స్ 1914లో చేసిన విభజన కూడా ఇదే దారిలో ఉంటుంది. సెలెస్టాలో మోగేది ఉక్కు పలక. కాబట్టి దాని చుట్టాలు జలతరంగం, గంట, తాళాలు. మీటలున్నాయి కదా అని ఒకటిగా కట్టేస్తే తీగల పియానోను, గాలి హార్మోనియంను, లోహపు సెలెస్టాను ఒకే గాటన కట్టవలసి వస్తుంది. అది శాస్త్రం కాదు.

పూర్ణా మార్కెట్ మెకానిక్

ముప్పై ఏళ్లుగా హార్మోనియంలు, పియానోలు బాగుచేస్తున్నాను. అసలు సెలెస్టాను విప్పి చూసింది ఒక్కసారే, చెన్నైలో. బయటికి చిన్న నిలువు పియానోలా ఉంటుంది. మూత తీస్తే ఒక్క తీగ కూడా కనబడదు. వరుసగా ఉక్కు పలకలు, ఒక్కో పలకకు ఒక్కో కొయ్య పెట్టె. పెట్టెలోని ఖాళీ ఆ పలక శ్రుతికి తగ్గట్టుగా ఉంటుంది. మీట నొక్కితే ఫెల్టు తొడిగిన సుత్తి పలకను కొడుతుంది. వేలు తీయగానే ఇంకో ఫెల్టు ముక్క పలక మీద వాలి మోతను ఆపేస్తుంది. మోత సాగాలనుకుంటే కాలికింద పెడల్ ఉంది.

ఆ ధ్వనికి అంత మెత్తదనం ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. ఉక్కు పలకను గట్టి పుల్లతో కొడితే అసలు స్వరంతోపాటు దానితో పొసగని పైస్వరాలు చురుక్కుమని లేస్తాయి. లోహపు పలకలను పుల్లలతో కొట్టి వాయించే గ్లాకెన్‌స్పీల్‌లో వినిపించే తళుకు అదే. సెలెస్టాలో ఫెల్టు వాటిని లేవనివ్వదు, కొయ్య పెట్టె అసలు స్వరాన్ని పట్టుకుని పెంచుతుంది. మోగేది లోహమే అయినా చెవికి గరుకు తగలదు. 1886లో పారిస్‌లో దీనికి పేటెంటు తీసుకున్న ఓగుస్త్ ముస్తెల్‌ది హార్మోనియంలు తయారుచేసే కుటుంబం. గంటలు పోతపోసేవారు చేసినది కాదిది, మీటల పని తెలిసిన చేతులు చేసింది. నా ఓటు కీబోర్డుకే.

ఒక హెచ్చరిక కూడా. బీచ్ రోడ్డు ఇళ్లలో పియానో తీగలకు తుప్పు ఎంత త్వరగా పడుతుందో నేను రోజూ చూస్తున్నాను. తీగ శ్రుతి తప్పితే బిగిస్తాం. పలక తప్పితే బిగించడానికేమీ లేదు, అరగదీసి సరిచేయాలి. ఎవరైనా సెలెస్టా తెప్పించాలనుకుంటే ముందు ఉప్పుగాలి చొరని గది చూసుకోండి.

లాసన్స్ బే నావికుడు

ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. హాంబర్గ్‌లో ఓడ ఆగినప్పుడు ఒకసారి ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్లాను. డ్రమ్ములు, గంటలు వాయించేవాళ్లంతా వెనక వరుసలో నిలబడి ఉన్నారు. సెలెస్టా దగ్గర కూర్చున్నది మాత్రం పియానో వాయించిన మనిషే. ఒక బల్ల మీద నుంచి లేచి ఇంకో బల్ల మీదికి మారాడు, అంతే. నాకు శాస్త్రం తెలియదు, కళ్లతో చూసింది చెప్పాను.

సిరిపురం వీణ

మెకానిక్ గారూ, మీరు చెప్పినదంతా నా వాదానికే బలం. పలక, సుత్తి, మోత! ఇక మా మనవడి కీబోర్డులో ధ్వనుల పట్టిక చూశాను. అన్ని ఎలక్ట్రానిక్ కీబోర్డులకూ ఒకే వరుస ఉండాలని జనరల్ మిడి పేరుతో 1991లో కుదిరిన ఆ వరుసలో మొదటి 8 పియానో కుటుంబానివి. సెలెస్టా 9వది. అక్కడ కొత్త కుటుంబం మొదలవుతుంది: గ్లాకెన్‌స్పీల్, మ్యూజిక్ బాక్స్, వైబ్రాఫోన్, మరింబా, జైలోఫోన్. కీబోర్డులు చేసేవారే దాన్ని పియానో గుంపులో ఉంచలేదు. దీనికేమంటారు?

ఎంవీపీ కాలనీ కీబోర్డు టీచర్

వీణ గారూ, ఆ పట్టిక ధ్వనుల జాబితా. పోటీ విభాగం వాయించే విద్యకు సంబంధించినది. ఈ రెండూ వేరు.

హంగరీ స్వరకర్త బార్తోక్ 1936లో ఒక రచన చేశాడు. దాని పేరే 'తీగవాద్యాలు, తాడన వాద్యాలు, సెలెస్టాల కోసం సంగీతం'. సెలెస్టా తాడన వాద్యాల్లో, అంటే కొట్టి వాయించేవాటిలో, కలిసిపోయేదైతే పేరులో దాన్ని విడిగా చెప్పవలసిన పనేముంది? సెలెస్టాకు స్వరాలు రాసేదీ పియానోకు రాసినట్టే, రెండు చేతులకు రెండు వరుసల్లో. జలతరంగంలో రెండు పుల్లలతో గిన్నెలను కొడతాం, మోత దానంతటదే తగ్గుతుంది. ఇక్కడ పది వేళ్లూ పనిచేస్తాయి, స్వరం ఎప్పుడు ఆగాలో వేలే నిర్ణయిస్తుంది. మా అమ్మాయి నాలుగు నెలలు నేర్చుకున్నది సరిగ్గా అదే.

చైకోవ్‌స్కీ 1891లో పారిస్‌లో ఈ వాద్యాన్ని విని, దాన్ని తెప్పించమని తన ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. ఎవరికీ చూపించవద్దన్నాడు. తోటి రష్యన్ స్వరకర్తలు రిమ్‌స్కీ-కోర్సకోవ్, గ్లజునోవ్ తనకంటే ముందే వాడేస్తారని ఆయన భయం. చిన్న పియానోకూ గ్లాకెన్‌స్పీల్‌కూ మధ్యస్థంగా ఉంటుందని అందులోనే వర్ణించాడు. మరుసటి ఏడాది డిసెంబరులో నట్‌క్రాకర్ రంగస్థలం ఎక్కింది. ఆ ధ్వని కోసం అంత ఆరాటపడి రాసిన భాగాన్ని పియానో ధ్వనితో వాయించమనడం నాకు మింగుడుపడటం లేదు.

సిరిపురం వీణ

'మధ్యస్థం' అన్నది ఆయన మాటే అయితే, మనలో ఎవరమూ దాన్ని పూర్తిగా మన వైపు లాక్కోలేం. శాస్త్రం ప్రకారం సెలెస్టా ఘనవాద్యమే. ఆ మాట వెనక్కి తీసుకోను. అయితే ఉదయం నుంచి ఒకటి ఆలోచిస్తున్నాను. పోటీలో ఆ విభాగం పేరు 'పియానో' కాదు, 'కీబోర్డు'. విభాగాలను మోగే వస్తువును బట్టి పెట్టి ఉంటే అమ్మాయిది తప్పయ్యేది. వాయించే పద్ధతిని బట్టే పెట్టారు కనుక ఆమెకు మార్కులు వేయవలసింది. నిర్వాహకులకు మీరు ఉత్తరం రాస్తే నా సంతకం కూడా పెట్టించండి.

ఎంవీపీ కాలనీ కీబోర్డు టీచర్

ధన్యవాదాలు అమ్మా. ఈ రాత్రే రాస్తాను. పాప బుధవారం క్లాసుకు వస్తుంది. మొన్నటి నుంచి ఆ ధ్వని జోలికే వెళ్లడం లేదని వాళ్లమ్మ చెప్పారు.

సిరిపురం వీణ

బుధవారం క్లాసు అయ్యాక కీబోర్డుతో సహా మా ఇంటికి తీసుకురండి. మా అత్తగారి జలతరంగం గిన్నెలు అటక మీద ఉన్నాయి, దింపించి కడిగిస్తాను. ముందు తను వాయించాలి, తరువాత నేను.