తిండి విన్యాసాల షార్ట్స్: పిలకాయలకు ఏవి చూపించొచ్చు, ఏవి వద్దు?

కొర్లగుంట అమ్మ (తిరుపతి):
అందరికీ నమస్కారం. బాబుకి ఆరేళ్లు, పాపకి మూడు నిండినాయి. మా అత్తమ్మ ఫోన్‌లో వాడు చూసేదంతా తిండి షార్ట్సే. బూతు లేదు, కొట్లాట లేదు. ద్రాక్షపండు గాల్లోకి ఎగరేసి నోటితో పట్టేవాళ్లు, మండే కిళ్లీని వచ్చినోళ్ల నోట్లో పెట్టేవాళ్లు, గిన్నెడు ఎర్రటి నూడుల్స్ గుక్క తిప్పుకోకుండా లాగించేవాళ్లు. "తిండే కదమ్మా, అందులో ఏముంది" అంటుంది అత్తమ్మ. ఆమె మాట తోసెయ్యలేను, వాడు వాటిని చూసి కడుపుబ్బా నవ్వుతాడు.

మొన్న సాయంత్రం వేయించిన చెనక్కాయ గింజలు పళ్లెంలో పెట్టి లోపలికి పోయినా. తిరిగొచ్చేసరికి వాడు మెడ వెనక్కి వాల్చి, నోరు తెరిచి, గింజలు పైకి ఎగరేస్తా ఉన్నాడు. పక్కనే పాప కళ్లు గట్టిగా మూసుకుని, వాడికంటే పెద్దగా నోరు తెరిచి "నాకెయ్, నాకెయ్" అంటా ఉంది. పళ్లెం లాక్కున్నా గానీ చాలాసేపు గుండె దడ తగ్గలేదు.

అన్నీ ఆపెయ్యమని మాత్రం చెప్పొద్దు. దోసెలు పోసేది, జిలేబీ చుట్టేది కూడా వాడు ఇష్టంగా చూస్తాడు. ఒక వీడియో చూసి ఇది సరే, ఇది వద్దు అని మీరు ఎట్లా తేల్చుకుంటారు?

చిత్తూరు సిస్టర్:
చెల్లెమ్మా, ఈఎన్‌టీ వార్డులో చాలాకాలం పనిచేసినా. మన పక్క ఇంటింటా ఉండే ఆ చెనక్కాయ గింజే పసిపిల్లల ఊపిరి గొట్టంలోకి పోతుంది. వాళ్లకి ఇంకా దవడపళ్లు సరిగా ఉండవు, నమిలింది నమిలినట్టే జారిపోతుంది. లోపలికి పోయినాక తడికి ఉబ్బుతుంది, దాంట్లో నూనెకి చుట్టూ వాపొస్తుంది. మామూలు ఎక్స్‌రేలో గింజ కనపడదు కూడా. మత్తిచ్చి గొట్టం వేసి తీయాల్సిందే. ఎన్నో రోజులు దగ్గు మందు తాగించి, ఆఖరికి మా దగ్గరికి తెచ్చిన తల్లుల ముఖాలు నాకు గుర్తే.

అందుకని నేను చూసేది ఒకటే. ఫోన్ పక్కన పెట్టినాక, మన వంటింట్లో ఉన్న సరుకుతో పిల్లోడు అదే పని చేయగలడా? పెద్ద బాణలిలో మరిగే నూనెలో చెయ్యి పెట్టేవాణ్ణి చూస్తే మనకు ఒళ్లు జలదరిస్తుంది, కానీ ఆ బాణలి మీ ఇంట్లో లేదు. ద్రాక్షపండు ఎగరేసేది ముద్దుగా ఉంటుంది, పండేమో ఫ్రిజ్‌లోనే ఉంది. చూడ్డానికి భయంగా ఉండేదాన్ని ఆపేసి, ముద్దుగా ఉండేదాన్ని వదిలేస్తాం. నేను మొదట ఆపేది ఆ ముద్దుగా ఉండేదాన్నే.

ఇంకోటి, కత్తిరింపు. అర నిమిషం వీడియోలో గురి తప్పినవి ఉండవు, పొలమారింది ఉండదు, నూడుల్స్ తిన్నాయన తర్వాత పడిన కడుపుమంట ఉండదు. ఆరేళ్లోడికి కంటికి కనిపించిందే జరిగింది. పక్కన కూర్చుని "ఇది నువ్వెట్లా చేస్తావు నాయనా?" అని అడగండి. "ఇట్లా ఇట్లా" అని చేతులతో చూపించినాడంటే ఆ వీడియో వద్దు. దోసెలాంటివి పెద్దవాళ్లు పక్కనుంటే చూడనియ్యండి.

లీలామహల్ దగ్గర బండి:
అమ్మేవాడిగా నా మాట వినండక్కా. మండే కిళ్లీ నోరు మూయంగానే గాలందక ఆరిపోతుంది. అది అలవాటైన చెయ్యి, పెట్టేది పెద్దవాళ్ల నోట్లో. ద్రవ నైట్రోజన్‌లో ముంచి ఇచ్చే పొగ బిస్కెట్ దానికంటే చెడ్డది. ద్రవ నైట్రోజన్ చలి మైనస్ 196 డిగ్రీలు. గిన్నె అడుగున చుక్క మిగిలినా నోరు, గొంతు కాలుస్తుంది. కడుపులోకి పోతే దాదాపు 700 రెట్లు గాలై ఉబ్బుతుంది. 2024లో బెంగళూరులో ఒక పెళ్లిలో పొగ కిళ్లీ తిన్న పన్నెండేళ్ల పాపకి కడుపులో చిల్లు పడి ఆపరేషన్ చేసినారు. అదే ఏడాది తమిళనాడు ఆహార భద్రత వాళ్లు హెచ్చరించినారు. వీడియో చూసొచ్చి "పొగొచ్చేది కావాలి" అని నా బండి దగ్గర ఏడ్చే పిలకాయలు ఉంటారు. నేను పెట్టను.

రేణిగుంట రాజా:
మేమూ చిన్నప్పుడు బొరుగులు ఎగరేసి తిన్నోళ్లమే. ఇంత భయం అవసరమా?

చిత్తూరు సిస్టర్:
తమ్ముడూ, బొరుగు మెత్తబడుతుంది, గింజ మెత్తబడదు. అదీగాక మీరు ఎగరేసింది మీ వయసువాళ్లతో. ఈడ మూడేళ్ల పాప కళ్లు మూసుకుని నోరు తెరిచింది.

కొర్లగుంట అమ్మా, ఎప్పుడైనా గొంతుకి అడ్డం పడితే, గట్టిగా దగ్గుతా ఉన్నంతసేపు దగ్గనియ్యండి, నోట్లో వేలు పెట్టి గుచ్చొద్దు. దగ్గు, మాట రెండూ ఆగినాయంటే పిల్లని ముందుకి వంచి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు వెయ్యండి. రాకుంటే వెనక నిలబడి బొడ్డుకి పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కండి. వచ్చేదాకా రెండూ మార్చి మార్చి. ఇంకొకరిని 108కి చేయమనండి. ఏడాదిలోపు బిడ్డకి పొట్ట నొక్కకూడదు.

కొర్లగుంట అమ్మ (తిరుపతి):
అక్కా, మీ మాట అత్తమ్మకి చదివి వినిపించినా. ఆమే అడిగింది, ఫోన్‌లో ఏమన్నా మార్చొచ్చా అని. ద్రాక్ష అసలు పెట్టొద్దా?

చిత్తూరు సిస్టర్:
మామూలు యూట్యూబ్ బదులు యూట్యూబ్ కిడ్స్ పెట్టండి. దాంట్లో మీరు ఒప్పుకున్న వీడియోలే వచ్చేటట్టు చేసుకోవచ్చు, అప్పుడు వెతకడం కూడా ఆగిపోతుంది. జిలేబీ చుట్టేది దొరికితే మీరే ఎంచిపెట్టండి. ద్రాక్ష పెట్టొచ్చు, కానీ నిలువునా నాలుగు ముక్కలు చేసి. అడ్డంగా కోస్తే గుండ్రం అట్లే ఉంటుంది. చెనక్కాయలు ఐదేళ్లు దాటేదాకా పాపకి పొడి కొట్టి పెట్టండి.